నేపర్‌విల్ ఎండలో గుమ్మడి వడియాలు

అమెరికాలో తెలుగువాళ్ళు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటే, బాగున్నారా అన్న వెంటనే వచ్చే ప్రశ్న "మీ దగ్గర ఎంతుంది?" అని. నేను వచ్చిన కొత్తలో ఇదేం ప్రశ్నరా బాబూ అనుకునేదాన్ని. అడిగేది టెంపరేచర్ గురించని, అదీ ఫారెన్‌హీట్ లెక్కలోనని తెలిశాక నేనూ అడగడం మొదలుపెట్టాను. ఇర్వింగ్‌లో అక్క "తొంభై దాటింది చెల్లె" అంటుంది. శాన్ రామన్‌లో మా పిన్ని కూతురు "డెబ్భై అక్కా, ఎప్పట్లాగే" అంటుంది. నేనేమో నేపర్‌విల్‌లో కిటికీ పక్కన రెండు స్వెట్టర్లేసుకుని నిలబడి "నలభై" అంటాను. ఒకే దేశం, ఒకే రోజు. ముగ్గురం మూడు కాలాల్లో ఉండేవాళ్ళం.

మా ఆయన ప్రాజెక్టులు ఎటు లాక్కెళితే అటు వెళ్ళి ఈ మూడు ఊళ్ళలోనూ కాపురం పెట్టాను. పెళ్ళయి మొదట దిగింది టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, జూన్ నెలలో. కారెక్కి సీటు బెల్టు పట్టుకోగానే చెయ్యి చురుక్కుమంది. హమ్మయ్య, మన ఎండే అనుకున్నాను. తెనాలి పక్కన పుట్టి పెరిగినదాన్ని, రోహిణి కార్తె నాకు కొత్తా? నాకు వింతగా తోచింది ఎండ కాదు, అంత ఎండని ఎవరూ వాడుకోకపోవడం. అందరూ ఇంట్లోంచి కార్లోకి, కార్లోంచి ఏసీలోకి పరుగే. పక్క అపార్ట్‌మెంట్‌లో కరీంనగర్ ఆవిడ ఒకావిడ ఉండేది, ఇందాక చెప్పిన అక్క ఆవిడే. ఆవిడా నేనూ కలిసి బాల్కనీలో పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు ఎండబెట్టేవాళ్ళం. సాయంత్రానికల్లా గలగలమనేవి. ఇంటర్‌తో చదువు ఆపేసి వచ్చిన నాకు ఆ కాంప్లెక్స్‌లో "వడియాల అమ్మాయి" అని ఒక పేరు వచ్చిందంటే ఆ ఎండ పుణ్యమే.

అలాగని ఇర్వింగ్ ఆకాశాన్ని పూర్తిగా నమ్మలేం. మధ్యాహ్నం కణకణలాడుతూ ఉన్నది సాయంత్రానికి అదో రకం ఆకుపచ్చగా మారి, సుడిగాలి వస్తోందని సైరన్ మోగేది. ఇంట్లో కిటికీ లేని చోటు అదొక్కటేనని అక్క నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళి బాత్‌టబ్‌లో కూర్చోబెట్టేది. ఇద్దరం ఆ టబ్బులో మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, నెత్తిన దిండ్లు పెట్టుకుని, వడగళ్ళ చప్పుడు వింటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

పడమటి తీరాన శాన్ రామన్‌లో ఉన్నది కొన్ని నెలలే. అక్కడ పగలు చొక్కా, సాయంత్రం స్వెట్టర్. చలికాలంలో కొండలు పచ్చగా ఉండి, ఎండాకాలంలో గడ్డివాము రంగుకి వస్తాయి. మన దగ్గర వాన పడితే పచ్చన, ఎండ కాస్తే పసుపు అన్నది ఒకటేగానీ, వాళ్ళకి వాన వచ్చేది చలికాలంలో. అక్కడ నిక్షేపంగా ఉంటుంది. మాట్లాడుకోవడానికి మాత్రం వాతావరణం ఉండదు.

ఆ తర్వాత చికాగో పక్కన నేపర్‌విల్. జనవరిలో దిగాం. ముక్కు లోపలి వెంట్రుకలు గడ్డకట్టడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇంట్లోకి వస్తే వేరే కష్టం. రోజంతా హీటర్ తిరిగి తిరిగి గాలి ఎండిపోయి, పెదాలు పగిలి, తలుపు పిడి పట్టుకుంటే టప్పున షాక్ కొట్టేది. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ముట్టుకుంటే ఆయనా షాక్ కొట్టేవారు. "ఏంటే, ప్రేమగా వస్తే ఇలా కరెంటు పెడతావ్?" అనేవారు. ఆయనకి ఒక పాడు అలవాటు ఉంది. స్టేషన్ నుంచి మంచులో నడిచి వచ్చి, తడిసిన సాక్సులు విప్పి హాల్లో నేలలోంచి వేడిగాలి వచ్చే హీటర్ వెంట్ మీద ఆరబెడతారు. ఇల్లంతా ఆ వాసన. చలికాలమంతా ఆ సాక్సుల మీదే మా ఇంట్లో యుద్ధం.

ఆ ఏడాదే మా ఆడపడుచుకి పెళ్ళి కుదిరింది. తను ఇక్కడే మాస్టర్స్ చేసి, చికాగోలో ఉద్యోగంలో చేరింది. పెళ్ళి మే చివర్లో, ఇక్కడే నేపర్‌విల్ దగ్గర గుడిలో. అత్తయ్యా మామయ్యా ఇండియా నుంచి మే మధ్యలో వస్తారు. కానీ పెళ్ళి పనులు మొదలుపెట్టాల్సింది అంతకంటే ముందు. మా వైపు పెళ్ళి పనులంటే ముందు గుమ్మడి వడియాలు పెట్టాలి. మంచి రోజు చూసి, ఆడపిల్ల చేత, ముత్తైదువ చేత పెట్టిస్తారు. అవి చక్కగా ఎండితే పెళ్ళి చక్కగా జరుగుతుందని నమ్మకం. బూజు పట్టాయా, ఇక పెళ్ళి అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

అత్తయ్య పంచాంగం చూపించి ఫోన్ చేసింది. "అమ్మాయ్, ఏప్రిల్లో ఒక్క శుక్రవారమే ఉంది. పొద్దున పదిలోపు. అది తప్పితే పెళ్ళిదాకా మంచి రోజు లేదు. ఇంటికి పెద్దకోడలివైనా చిన్నకోడలివైనా నువ్వే. నీ చేతిలో పెడుతున్నా."

"అలాగే అత్తయ్యా, వడియాలంటే నాకు వెన్నతో పెట్టిన విద్య" అనేశాను. ఇర్వింగ్ నోరు కదా అది.

"ఎండ బాగా ఉంటుందా అక్కడ?"

"ఏప్రిల్ అత్తయ్యా! ఎందుకుండదు?"

నిజానికి ఆ వారం బాగానే ఉంది. అరవై దాటింది. ఎదురింటి అమెరికన్ పిల్లలు నిక్కర్లేసుకుని సైకిళ్ళు తొక్కుతున్నారు. నేను కూడా కోట్లన్నీ మడిచి సూట్‌కేసులో పెట్టేశాను. ఆ పని చెయ్యకూడదని నేపర్‌విల్‌లో పాతకాపులు చెబుతారు, కానీ నన్నెవరు అడిగారు?

మన ఇండియన్ స్టోర్లో బూడిద గుమ్మడికాయని ముక్కలు కోసి ప్లాస్టిక్ చుట్టి అమ్ముతారు. పెళ్ళికి ముక్క పనికిరాదు, నిండుకాయ కావాలి. చైనా వాళ్ళ కొట్లో దొరికింది. అక్కడ దాని పేరు వింటర్ మెలన్. పేరులోనే చలికాలం ఉందే అనుకుని నవ్వుకున్నానుగానీ, ఆ నవ్వు రెండు రోజులే. గురువారం సాయంత్రం మా ఆయన చేత మొదటి దెబ్బ వేయించాను. గుమ్మడికాయ ఆడవాళ్ళు పగలగొట్టకూడదు కదా. ఆయన ఆఫీసు చొక్కాలోనే కత్తి పట్టుకుని నిలబడి "మీటింగ్ ఉంది, తొందరగా చెప్పు, ఎక్కడ కొట్టాలి?" అన్నారు. అది శాస్త్రం. మిగతా తరుగుడంతా నాదే. ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి గుడ్డలో మూట కట్టి, పైన రుబ్బురోలు లేదు కాబట్టి బియ్యం బస్తా పెట్టాను. ఆడపడుచు శుక్రవారం సెలవు పెట్టి ముందురోజే వచ్చేసింది.

పొద్దున లేచి కర్టెన్ తీసేసరికి ఆకాశం నీలంగా, కడిగిన పళ్ళెంలా ఉంది. పండు ఎండ. కళ్ళు చెదిరేంత. నా ప్రాణం లేచొచ్చింది. మినప్పిండి గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఇంగువ వేసి, ముక్కలు కలిపి, పట్టుచీర కట్టుకుని, గిన్నె చంకన పెట్టుకుని బాల్కనీ తలుపు తెరిచాను.

తెరిచి మళ్ళీ మూసేశాను.

"ఏమైంది వదినా?"

"చలి! ఇంత ఎండ పెట్టుకుని ఇంత చలేంటి?"

"వదినా, ఇక్కడ ఎండకీ వేడికీ సంబంధం లేదు. ఇరవై తొమ్మిదుంది. నేను ఫోన్లో చూశాను."

"చూసి చెప్పవేం?"

"నువ్వు వాతావరణం నీకు బాగా తెలుసన్నావ్ కదా!"

మా ఊళ్ళో ఎండ అంటేనే వేడి. రెండూ కలిసి పుట్టిన కవలపిల్లలు. ఒకరు లేకుండా ఒకరు వస్తారని ఎవరు అనుకుంటారు? కానీ పదవుతోంది. ఎండ తగలాలని అత్తయ్య చెప్పింది, ఎండైతే ఉంది. సూట్‌కేసులోంచి కోట్లు లాగి పట్టుచీర మీద వేసుకుని ఇద్దరం బాల్కనీలో పాత చీర పరిచి కూర్చున్నాం. మొదటి వడియం ఆడపడుచు పెట్టింది. రెండోది నేను. తర్వాత ఎవరు ఎన్ని పెట్టామో గుర్తులేదు. వేళ్ళు తిమ్మిరెక్కి వడియాలు చిన్నవీ పెద్దవీ, వంకరవీ టింకరవీ పడ్డాయి.

"వదినా, ఇది చూడు, టెక్సాస్‌లా లేదూ?"

"పెళ్ళి వడియంతో పరాచికాలేంటి? పెట్టు."

మధ్యాహ్నం వెళ్ళి ముట్టుకుంటే, ఏం చెప్పను, రాయిలా ఉన్నాయి! వేలితో కొడితే టకటకమంటున్నాయి. రెండు గంటల్లో ఎండిపోయాయి. ఇర్వింగ్‌లో కూడా ఇంత తొందరగా ఎండలేదు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అత్తయ్య పడుకోకముందే ఫోన్ చేశాను.

"అత్తయ్యా, గలగలలాడుతున్నాయి!"

"అప్పుడేనా? బంగారు తల్లీ! నీ చెయ్యి మంచిది."

ఇర్వింగ్ అక్కకీ చేశాను. ఆవిడ "ఏందీ, ఒక్క పూటకే ఎండినయా? గా చలిలనా? నాకైతే నమ్మబుద్ధైతలేదు చెల్లె" అంది. నేను నవ్వి, అక్కకి కుళ్ళు అనుకున్నాను.

సాయంత్రానికి మబ్బు పట్టింది. సన్నగా మంచు రాలడం మొదలైంది. ఏప్రిల్లో మంచు! చీరతో సహా వడియాలు ఎత్తి లోపలికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. టీ తాగి వచ్చి చూద్దును కదా, వడియాలు లేవు. అంటే ఉన్నాయి, కానీ ఒక్కోటి నీళ్ళు కార్చుకుంటూ, చదునుగా జారిపోయి, మళ్ళీ పిండైపోయింది. ఎండలేదు, గడ్డకట్టాయి. చలికి గడ్డకట్టినదాన్ని ఎండిందని అమెరికా అంతా చాటింపు వేశాను.

ఆడపడుచు మొదట పడీ పడీ నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఆపింది. తర్వాత తన ముఖమే మారింది. "ఇవి పాడైతే ఏం కాదు కదా వదినా? నాకైతే అలాంటి నమ్మకాల్లేవు. అమ్మ ఏమంటుందోనని, అంతే." అలా అంటూ టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగింది. నమ్మకాల్లేనివాళ్ళు అలా తిరగరు.

ఇండియాలో తెల్లవారగానే, అంటే మాకింకా శుక్రవారం సాయంత్రమే, అత్తయ్యకి మళ్ళీ ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మంచా? వడియాల మీద మంచా? మా వంశంలో ఎవరూ చూడలేదమ్మాయ్." తర్వాత గొంతు తగ్గించి, "పారెయ్యకు. ఎలాగోలా ఎండబెట్టు. బూజు మాత్రం పట్టనీయకు, నీకు పుణ్యముంటుంది. నువ్వే చూసుకోవాలి" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇర్వింగ్ అక్కయితే ఫోన్లోనే కొంగు బిగించింది. "ఏం ఫికర్ చెయ్యకు. ఇక్కడ ఎనభై ఐదుంది, మస్తు ఎండ. నేను పెడ్తా. ఈ రోజు శుక్రవారమే గదా, ఇప్పుడే పప్పు నానబెడ్తున్న, అంటే మంచి రోజున మొదలైనట్టే." శాన్ రామన్ చెల్లెలు కూడా "మా దగ్గర వాన అనే మాటే లేదక్కా, నేనూ పెడతా" అంది. వాళ్ళిద్దరూ అంతలేసి మాటలంటుంటే ధైర్యం వచ్చిందిగానీ, మా ఇంటి పెళ్ళి వడియాలు మా ఇంట్లో ఎండకపోవడమేంటని లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

అప్పుడు మా ఆయన వచ్చారు. జుట్టు మీద మంచు, బూట్లలో మంచు. టేబుల్ మీద ఆ పిండి, సోఫాలో ఇద్దరు ఆడవాళ్ళ ముఖాలు చూసి, ఏమీ అడగకుండా తెలివిగా సాక్సులు విప్పి వెంట్ మీద వేశారు.

"ఏవండీ, ఇప్పుడు కూడానా!" అని అరిచాను. అరుస్తూనే ఆగిపోయాను. "అవి ఎంతసేపటికి ఆరతాయి?"

"టీ తాగేలోపు. ఎందుకు?"

"తీయండి."

"ఏం, మళ్ళీ మొదలా?"

"తీసి బెడ్‌రూమ్ వెంట్ మీద పెట్టుకోండి. ఇక్కడ వడియాలు పెట్టాలి."

ఆయన ఒక నిమిషం నన్ను చూసి, "సాక్సులు పెట్టిన చోట పెళ్ళి వడియాలా?" అన్నారు. ఆ మాటకి ఆడపడుచే ముందు లేచింది. వెంట్ జాలీ ఊడదీసి సబ్బుతో తోమింది. నేను పసుపునీళ్ళతో తుడిచాను. జారిపోయిన పిండిని మళ్ళీ ఉండలు చేసి కేకుల ట్రేలలో పెట్టి, రెండు వైపులా టమాటా డబ్బాలు నిలబెట్టి, వాటి మీద ట్రే ఎత్తాను. కింద నుంచి వేడిగాలి. ఆ వెంట్ దక్షిణం కిటికీ కింద ఉండటం మా అదృష్టం. తెల్లారాక అద్దంలోంచి ఎండ కూడా పడుతుంది. చలిని బయటే ఉంచి, ఎండని మాత్రం లోపలికి రానిచ్చే అద్దం. ఇంతకాలం ఆ కిటికీ పక్కన కూర్చుని చలి చలి అని ఏడ్చాను!

మర్నాడు తెల్లారుజామున లేచి హాల్లోకి వస్తే ఆడపడుచు అప్పటికే వెంట్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. దుప్పటి కప్పుకుని, ఒక్కో వడియాన్నీ రెండు వేళ్ళతో తిప్పి పెడుతోంది. నన్ను చూసి కంగారుపడింది. "ఊరికే చూస్తున్నా వదినా. పైన పొర కట్టింది. ముట్టుకో."

ముట్టుకున్నాను. పొర కట్టింది. నిజం పొర, మంచు పొర కాదు. ఇద్దరం ఆ వెంట్ పక్కన చలి కాచుకున్నట్టు కూర్చుని, పెళ్ళయ్యాక ఎక్కడ ఉంటారో, వంట ఎవరు చేస్తారో, అత్తగారికి కాఫీ ఎలా కలపాలో, అన్నీ మాట్లాడుకున్నాం. తను వెళ్ళబోయే మిన్నెసోటా మాకంటే ఇంకా చలి. "అక్కడ వెంట్లు పెద్దవిగా ఉంటాయిలే" అన్నాను. తను నవ్వుతూ నా భుజం మీద తల పెట్టింది.

ఆ సాయంత్రం ఇర్వింగ్ నుంచి ఫోన్. వెనక సైరన్ వినిపిస్తోంది. "చెల్లె, నేను టబ్బుల కూసున్న. నీ వడియాలు బాల్కనీలనే ఉండె. నిమ్మకాయలంత రాళ్ళు పడ్డయి, ట్రేలు సొట్టలు పోయినయి. పొద్దుగాల అంత ఎండ కొట్టి ఇదేం పాడుబుద్ధి ఈ మొగులుకు!" తలమీద దిండు పెట్టుకుని, పాడైపోయిన వడియాల కోసం బాధపడుతున్న అక్కని తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ప్రేమా వచ్చింది. ఆదివారం శాన్ రామన్ చెల్లెలు చేసింది. వాన పడలేదట. మధ్యాహ్నం గాలొచ్చి గుడ్డతో సహా ఎత్తుకెళ్ళి కింద స్విమ్మింగ్ పూల్‌లో పడేసిందట. మేనేజర్ వల పెట్టి తీస్తూ ఇదేం చేప అని అడిగాడట. మిగిలినవి ఒక గుప్పెడు, అవి మాత్రం భద్రంగా పోస్టులో పంపించింది.

ఎండకి పేరుపడ్డ ఊళ్ళు రెండూ అలా చేతులెత్తేశాయి. నాలుగో రోజుకి నేపర్‌విల్ వడియాలు మాత్రం డబ్బాలో పోస్తే రాళ్ళు పోసినట్టు మోగాయి. ఈసారి ఎవరికీ వెంటనే చెప్పలేదు. ఒకదాన్ని తీసి టేబుల్ మీద పెట్టి, వంట అంతా అయ్యేదాకా కరగదు కదా అని చూశాను. కరగలేదు. ఒక్కటే ఇబ్బంది. ఇల్లంతా ఇంగువ. మా ఆయన కోటు, ఆడపడుచు హ్యాండ్‌బ్యాగు, చివరికి దిండ్లు కూడా. రైల్లో పక్క సీటతను ఏ రెస్టారెంట్లో పనిచేస్తావని అడిగాడట ఆయన్ని.

మే నెలలో అత్తయ్య దిగింది. సూట్‌కేసు తెరవకముందే "ఏవీ?" అంది. డబ్బా తెచ్చి ముందు పెట్టాను. మూత తీసి వాసన చూసింది. చేతిలో పోసుకుని గలగలలాడించింది. ఒకటి కొరికింది, పళ్ళ కింద పటుక్కుమంది. అయినా నమ్మకం చాలక పొయ్యి మీద నూనె పెట్టించి నాలుగు వేసింది. అవి పొంగి, ఎర్రగా పైకి తేలాయి. టెక్సాస్ లాంటిది ఇంకా టెక్సాస్ లాగే తేలింది. ఆవిడ ఒకటి ఊది కూతురి నోట్లో పెట్టింది, ఇంకొకటి నా నోట్లో పెట్టింది. ఆ తర్వాతే తను తింది.

"ఇలా ఎండడానికి ఎంత ఎండ కావాలో నాకు తెలుసు. ఎక్కడ పెట్టావో చూపించు."

హాల్లోకి తీసుకెళ్ళి నేల మీద వెంట్ చూపించాను. ఆవిడ మోకాలు పట్టుకుంటూ వంగి అరచెయ్యి పెట్టింది. బయట ఎనభై ఉంది, లోపల ఏసీ. చల్లగాలి తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమ్మాయ్, మీ సూర్యుడు చల్లారిపోయాడే!"

"ఎండాకాలం కదత్తయ్యా. ఇప్పుడాయన డ్యూటీ వేరు."

"మరి నా కూతురి పెళ్ళికి పనిచేసినవాడిని ఊరికే వదిలేస్తామా?" అంటూ బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసి, వేలు తడిచేసుకుని, ఆ జాలీకి ఒక మూల బొట్టు పెట్టింది. మా ఆయన గదిలోంచి వస్తూ "అమ్మా, అద్దిల్లు అది!" అన్నారు.

"నువ్వు నీ సాక్సులు ఎక్కడ పెడతావో నాకంతా మీ ఆవిడ చెప్పిందిరా" అంది అత్తయ్య. ఆయన వచ్చిన దారినే గదిలోకి వెళ్ళిపోయారు.

పెళ్ళిలో విస్తళ్ళ మీద ఆ వడియాలు పడ్డాయి. ఇర్వింగ్ అక్క వచ్చి, ఒకటి తిని, "గిది మా ఎండ కాదు చెల్లె, గానీ మంచిగనే ఉంది" అని ఒప్పుకుంది. పెళ్ళి ఏ వంకా లేకుండా జరిగింది. వడియాల వల్లే అని అత్తయ్య, ముహూర్తం వల్ల అని మామయ్య, క్యాటరింగ్ వల్ల అని మా ఆయన.

అక్టోబరు చివర్లో మొదటిసారి హీటర్ వేసినప్పుడు, కాలుతున్న దుమ్ము వాసనతో పాటు ఆ వెంట్‌లోంచి ఇప్పటికీ సన్నగా ఇంగువ వాసన వస్తుంది. బొట్టు కొంచెం వెలిసింది. సాక్సులు మాత్రం బెడ్‌రూమ్‌లోనే.